ఏడు ముక్కలైన షేరు కాగితం

మొన్న ఆదివారం మా తమ్ముడి కొడుకు పేపరు పట్టుకొచ్చి, ఒక మందుల కంపెనీ షేరు అరవై ఏళ్ల కిందట కొని కదలకుండా ఉంచుకున్నవాడు ఇప్పుడెంత ధనవంతుడై ఉండేవాడో చదివి వినిపించాడు. ఉండేవాడు, అయ్యేవాడు అనే మాటలంటేనే నాకు గిట్టదు. ఆ అరవై ఏళ్లూ ఆ మనిషి ఏం తిన్నాడో, బిడ్డకు జ్వరమొస్తే ఏం తాకట్టు పెట్టాడో ఇలాంటివి రాసేవాళ్లకు పట్టదు. ఆ మాటే అని వాడితో పోట్లాటకు దిగబోయినదాన్ని, కంపెనీ పేరు చూసి ఆగిపోయాను. చేతులు మారి పేరు పొడుగైంది గానీ, అది మా కంపెనీ. అంటే, ఒకప్పుడు అందులో పిసరంత మాది.

నా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, చిన్నప్పుడు ముక్కు మూసి మన గొంతుల్లో పోసిన చేపనూనె. మీరు ఏడ్చి తాగిన ఆ నూనె మా వాకాడు వైపు సముద్రం ఒడ్డున, మా ఇళ్ల ముందు ఇసకలో మొదలయ్యేది. నాయన పడవ సొరచేపతో వచ్చిందంటే ముందు దాని కార్జం తీసి డబ్బాలో వేసేవాళ్లు, మద్రాసు కంపెనీ ఏజెంటు వచ్చి తూచి పట్టుకుపోయేవాడు. శ్రీహరికోట వైపు అప్పటికింకా అడవీ ఇసకా తప్ప వేరే ఏమీ లేదు, ఆకాశంలోకి ఎవరూ ఏదీ పంపేవాళ్లు కారు. సాయంత్రమైతే నీళ్లూ ఆకాశమూ ఒకే రంగులోకి కరిగిపోతూ ఉంటే, ఆ డబ్బాల మధ్య కూర్చుని నేను పలక మీద లెక్కలు చేసుకునేదాన్ని. ఆ వాసన అందరికీ కంపు. నాకు మాత్రం ఇప్పటికీ కలలో ముందుగా వచ్చేది ఆ వాసనే, తరవాతే మనుషులు వస్తారు.

ఒక ఏడాది కంపెనీ చేతిలో డబ్బు ఆడలేదు. ఏజెంటు సగం బాకీకి డబ్బిచ్చి, మిగతా సగానికి నాయన పేర ఒక షేరు కాగితం తెచ్చి ఇచ్చాడు. నెమలికంఠం రంగు అంచుతో, పెళపెళలాడే దళసరి కాగితం. ఇకమీదట మీరూ ఓనర్లేనని ఆయన చెప్పి వెళ్లాడో లేదో, నాయన దాన్ని ఇసక మీద పరచి, చేపలు కోసే కత్తి తీశాడు.

చదువుకున్నవాళ్లు ఇక్కడ నవ్వుతారు, నవ్వనివ్వండి. మా ఒడ్డున వేట ఎంత చిన్నదైనా ఇసక మీదే పంచాలి. పడవకొక వాటా, వలకొక వాటా, వేటకు పోయిన అయిదుగురికీ తలా ఒకటి. రేపటికి దాచిన చేప కుళ్లుతుంది, దాచిన మనిషి పేరూ కుళ్లుతుంది. కార్జాలు అందరివీ అయినప్పుడు కాగితం ఒక్కడిదెట్లా అవుతుంది? నాయన వేళ్లతో కొలిచి, అంచు వంకర పోకుండా ఏడు ముక్కలు చేశాడు. పడవా వలా మావే, వేటకు పోయినవాళ్లలో నాయనా ఒకడు కాబట్టి మూడు మాకు, నాలుగు తక్కినవాళ్లకు.

అమ్మ గడపలో నిలబడి చూసి, “కాగితాన్ని కూడా పులుసుకు కోసినట్టు కోసినావే, తోకముక్క ఎవరికిచ్చినావయ్యా?” అంది. నాయన మురిసిపోయి నవ్వాడు.

మరుసటేడు నవ్వు పోయింది. చుట్టుపక్కల పడవలన్నిటికీ నైలాను వలలు వచ్చాయి. మాది నూలు వల, గట్టిపడాలని తుమ్మచెక్క రసంలో ఎన్నిసార్లు ఉడికించినా చివికిపోతూనే ఉంది, పెద్ద చేప పడితే వలతో సహా పోయేది. ఆ సమయంలో ఏజెంటు వచ్చి, ఆ కాగితానికి మద్రాసులో మంచి ధర పలుకుతోందనీ, దాంతో కొత్త వల వచ్చేస్తుందనీ చెప్పాడు. ముక్కలు చూసి తల పట్టుకుని, చివరికి, ఏడూ ఉంటే అతికించి తెండి, నేను మాట్లాడతాను, ఒకటి తక్కువైనా నా వల్ల కాదన్నాడు. అలా పోయిన కాగితానికి కంపెనీని మరో కాగితం అడగవచ్చని ఇప్పుడు నాకు తెలుసు. అప్పుడు మా ఒడ్డున ఎవరికి తెలుసు?

ముగ్గురు అడగ్గానే తెచ్చి ఇచ్చారు, ఒకాయన అయితే దేవుడి పటం వెనకనుంచి కుంకుమతో సహా తీసి. అమ్మ గంజి కాచి అట్టమీద అతికించింది. మూలన ఒక్క ముక్క ఖాళీ. అది మా పిన్నమ్మ ఇంట్లో ఉంది, చిన్నాయన వాటా కింద వచ్చింది. వాళ్ల కూతురికి, అంటే నాకు చెల్లెలు వరసయ్యే బిడ్డకు, అప్పుడు రేచీకటి. పొద్దు వాలితే గోడలు తడుముకునే బిడ్డ. ఏజెంటు ఇచ్చిన నూనె రోజూ పోస్తూనే, అదే కంపెనీ కాగితం కదా అని పిన్నమ్మ ఆ ముక్క మడిచి తాయెత్తులో పెట్టి దాని మెడలో కట్టింది. చూపు నూనె వల్ల వస్తుంది గానీ కాగితం వల్ల రాదని నేను అప్పుడే పిన్నమ్మతో వాదించి, వీపుమీద ఒకటి తిన్నాను.

నాయన ఆ సాయంత్రం ముక్క అడగడానికి వెళ్లాడు. వెలుగు పోతూ ఉంది, అమ్మ అట్టను ఒళ్లో పెట్టుకుని గంజి గిన్నెతో కూర్చుంది. ఆయన ఉత్త చేతులతో తిరిగొచ్చాడు.

“ఇయ్యనన్నదా మా చెల్లెలు?”

“అడగలా.”

“అడగలా! మరి యాడికి పోయినట్టు, గాలికా?”

“బయట మసక పడినాది. ఆ బిడ్డ గోడ తాకకుండా, నేరుగా నాకాడికి ఉరికొచ్చినాది. పెదనాయనా, నీ మీసంలో ఇసకుండాది అని దులిపినాది. ఇంక నేనేం అడిగేది, నువ్వు చెప్పు.”

అమ్మ అట్టను ఒళ్లోంచి తీసి చూరులో దోపింది. గిన్నెలో గంజి ఆరి పొక్కు కట్టింది. తరవాత చాలా ఏళ్లు నాయన ఆ నూలు వలకే మాట్లు వేసుకుంటూ గడిపాడు, అమ్మ ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని చిట్టమూరు దాకా నడిచింది. ఆ గంపే నన్ను నెల్లూరు కాలేజీలో చదివించింది, కాబట్టి ఆ వల రాకపోవడం చిన్న సంగతని నా ముందు ఎవరూ అనకూడదు. ఆ అట్ట చెదలకు పోయింది.

నేను ఇదంతా చెబుతుంటే మా వాడు వినీ వినక, పేపర్లో అంకెను ఏడుతో భాగించి, ఆ ఒక్క ముక్కకే ఇంతయ్యేదత్తా అని చూపించాడు. పెద్ద అంకే. వాడి షేర్లు కంప్యూటర్లో ఉంటాయట, కత్తికి అందవు, ఎవరితో పంచుకోనక్కరలేదు. మా ఒడ్డున పంపకాలు ఇప్పుడు ఇసక మీద జరగడం లేదు, సొరలూ అంతగా రావడం లేదు, రేచీకటి అంటే ఏమిటని మా మనవలు అడుగుతున్నారు.

పోయిన వేసవిలో ఆ చెల్లెలి ఇంటికి వెళ్లాను. కరెంటు పోయింది. మసక చీకట్లో, మాట ఆపకుండానే, సూదిలో దారం ఎక్కించింది. ఆ తాయెత్తు దాని మనవరాలి మెడలో ఉంది, దారం మాత్రం కొత్తది. దాన్ని ఎవరూ విప్పి చూడలేదట, అమ్మకానికి పెట్టలేదు, అడగలేదు. అన్నేళ్లు కదలకుండా షేరు పట్టుకుని కూర్చున్న మనిషి కోసం ఆ పేపరువాడు వెతుకుతున్నాడు గానీ, మా ఊరికి రాలేదు.