పేరులేని నాలుగు వేల రెండు వందలు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఇంట్లో అంటారు. అది అబద్ధం కాదు. ఆ కోపాన్ని చూసే కాబోలు, పాల్మాకులలో కుట్టు సంఘం పెట్టుకున్న ఆడవాళ్లు నన్ను కోశాధికారిని చేశారు. బీకాం రెండో ఏడులోనే మానేశానని చెప్పినా వినలేదు. అడిగితే కరిచేలా ఉండే మనిషి దగ్గరైతేనే డబ్బు భద్రంగా ఉంటుందని వాళ్ల నమ్మకం. అప్పటికి విమానాశ్రయం వచ్చి రెండేళ్లయింది. నేను శంషాబాద్ నుంచి రోజూ బస్సులో వెళ్లేదాన్ని. నాతో కలిపి పద్నాలుగు మందిమి, పంచాయతీ వాళ్లు సంఘానికి ఇచ్చిన ఒక గదిలో గుడ్డ సంచులు కుట్టేవాళ్లం.

మాకు మిషన్లు ఇప్పించిన నగరంలోని ట్రస్టు వాళ్లు ఒకసారి ఉత్తరం రాశారు. సంఘం ఆదాయం, ఖర్చు ప్రతినెలా ప్రజలు చూసే చోట పెట్టాలట. వాళ్ల ఉద్దేశం వెబ్‌సైటు. మాకు ఉన్నది గోడ. అదీ బస్సు ఆగే చోటికి సరిగ్గా ఎదురుగా. వెబ్‌సైటు కన్నా దాన్నే ఎక్కువమంది చూస్తారని మా అధ్యక్షురాలు తేల్చేసింది. ఆమె అరవై దాటిన రైతు మనిషి, సంతకం తప్ప ఇంకేమీ రాయదు. కానీ ఆమె తేల్చిందంటే ఇక మారు మాట లేదు.

గోడ రాయడానికి దొరికిన పెయింటర్ ఇక్కణ్నుంచి తుక్కుగూడ దాకా ప్లాట్ల బోర్డులు రాసి రాసి చెయ్యి అలవాటు పడ్డవాడు. మొదటి నెల ‘ఆదాయం’ పక్కన చిన్న విమానం బొమ్మ వేశాడు. ‘ఖర్చు’ చుట్టూ నక్షత్రాలు పెట్టాడు. ‘నిల్వ’ కింద ‘ఎయిర్‌పోర్టుకు పది నిమిషాలు’ అని రాసి నిచ్చెన దిగాడు. నేను తిడితే చెరిపాడు గానీ, విమానం మాత్రం బాగుందని మావాళ్లు ఉంచేశారు.

జనం నిజంగానే చదివారు. బస్సు కోసం నిలబడ్డవాళ్లకు వేరే పని ఏముంటుంది? టీకి నూట పది ఎందుకయిందని ఒకరు, దారం ఉండలు ఫలానా దుకాణంలో రూపాయి తక్కువని ఇంకొకరు. ఒకాయన బస్సెక్కాక కిటికీలోంచి కూడా అడిగాడు. నేను బస్సు వెంట నడుస్తూ జవాబు చెప్పాను. పైకి విసుక్కున్నా లోపల నాకు గర్వంగానే ఉండేది.

ఆ గర్వం ఆరాంఘర్‌లో పోయింది. కుట్టిన సంచులు నగరంలో ఒక దుకాణానికి అప్పగించి, నాలుగు వేల రెండు వందలు తీసుకుని వస్తూ అక్కడ బస్సు మారాను. ఎక్కేటప్పుడు ఒకటే తోపులాట. సీటు దొరికిందన్న సంతోషంలో ఉండి, రెండు స్టాపులు దాటాక చూసుకుంటే హ్యాండ్‌బ్యాగు అడుగున బ్లేడు కోత. టిఫిన్ డబ్బా ఉంది, డబ్బు లేదు.

వెంటనే చెప్పి ఉంటే అయిపోయేది. కానీ అందరినీ రూపాయి రూపాయికీ నిలదీసే నేను బస్సులో పోగొట్టుకున్నానని ఏ నోటితో చెప్పను? సంచులకు ఎంత రావాలో అందరికీ తెలుసు కనుక ఆదాయంలో రాయక తప్పదు. అందుకని ఖర్చులో ‘మిషన్ల మరమ్మతు: 4,200’ అని రాయించాను. ఓచరు నేనే తయారు చేశాను. మనసు ఊరుకోక ఆదివారం ఒక్కదాన్నే వెళ్లి అన్ని మిషన్లకూ నూనె పోసి తుడిచి వచ్చాను. సోమవారం ఒకామె తన మిషన్ ఇప్పుడు హాయిగా నడుస్తోందని, రిపేరు చేసినవాడెవడో పనిమంతుడని మెచ్చుకుంది. గోడ ముందు ఒక్కరు కూడా ఆ అంకె గురించి నోరు విప్పలేదు. టీ ఖర్చు మీద అంత గొడవ చేసిన ఊరు ఇదేనా అనిపించింది.

మూడు నెలలకు నా చిట్టీ డబ్బు వచ్చింది. పోయిన సొమ్ము తిరిగి పెట్టేద్దామనుకున్నాను. కానీ దొంగ ఖర్చు అప్పటికే గోడెక్కింది. ఇప్పుడు పెట్టాలంటే ఆదాయంగానే పెట్టాలి. ‘ఒక శ్రేయోభిలాషి విరాళం: 4,200’ అని రాయించాను. ఎంత నిజాయితీపరురాలినో అని నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా.

అక్కడే బోల్తా కొట్టాను. మా వైపు పేరు లేకుండా ఎవరూ ఏమీ ఇవ్వరు. బడికి ఫ్యాను ఇస్తే ఒక రెక్క మీద ఇచ్చినవాడి పేరు, ఒక రెక్క మీద తండ్రి పేరు, ఇంకోదాని మీద ఊరి పేరు ఉంటాయి. చుట్టాలొస్తే ఆ పేర్లు చదివించడానికి నడి ఎండాకాలంలోనైనా ఫ్యాను ఆపుతారు. అలాంటి చోట పేరు చెప్పకుండా నాలుగు వేలు ఇచ్చినవాడెవడు? రెండు మూడు రోజులు గోడ ముందు ఇదే చర్చ. ఆ చర్చలో పడి బస్సు అందుకోలేకపోయినవాళ్లు కూడా ఉన్నారు.

చివరికి అందరి చూపూ ప్లాట్లు అమ్మే ఒకాయన మీద పడింది. తెల్ల చొక్కా, చేతిలో రెండు ఫోన్లు. టీ హోటల్లో అడిగితే ఔననలేదు, కాదనలేదు. నవ్వి, అక్కడున్న అందరి టీ డబ్బులూ కట్టాడు. దాంతో ఖాయమైపోయింది. మావాళ్లు ఆయనను పిలిచి శాలువా కప్పారు. ఆ శాలువా ఖర్చు గోడ మీద రాయించాల్సిందీ నేనే. పళ్లు నూరుకుంటూ రాయించాను.

వారం తిరక్కుండా ఆయన కోరిక బయటపడింది. లెక్కల గోడ మీద తన వెంచర్ ఫ్లెక్సీ కట్టుకుంటాడట. గది ముందు భాగంలో ఆఫీసు పెట్టుకుంటాడట. ముందు భాగమంటే ఐదు మిషన్లు. ఐదు మిషన్లంటే ఐదిళ్ల సంపాదన.

మీటింగు పెట్టాం. ఆయన కూడా వచ్చి ఆ శాలువాతోనే కూర్చున్నాడు. గది ఇవ్వడం ఎవరికీ ఇష్టం లేదు, అయినా కాదనేవాళ్లు లేరు. అధ్యక్షురాలు నేల చూపులు చూస్తూ అంది:

“పైసలిచ్చినాయనకు జాగ లేదని ఏ మొఖం పెట్టుకొని చెప్తం?”

నేను లేచాను. గొంతు అలవాటు కొద్దీ గట్టిగానే వచ్చింది. ఆయన ఒక్క రూపాయి కూడా ఇవ్వలేదని, ఆ డబ్బు నాదని, ఆరాంఘర్ దగ్గర మొదలుపెట్టి దొంగ ఓచరు దాకా అంతా చెప్పేశాను. కోశాధికారి పని వదిలేస్తానని కూడా చెప్పాను.

ప్లాట్లాయన ఏమంత బాధపడలేదు. తానిచ్చానని ఎప్పుడైనా అన్నానా అని మమ్మల్నే అడిగాడు. నిజమే, అనలేదు. లేచి వెళ్లిపోయాడు. శాలువా మాత్రం తీసుకునే వెళ్లాడు.

మిషన్ హాయిగా నడుస్తోందన్నామె కాసేపు ఆలోచించి, “అయితే నా మిషన్ రిపేరే గాలేదా అక్కా?” అని అడిగింది. ఇద్దరు ముగ్గురు నవ్వు ఆపుకోలేక కొంగు అడ్డం పెట్టుకున్నారు. అధ్యక్షురాలు నవ్వలేదు. వేళ్లు ముడుస్తూ ఏదో లెక్క వేస్తోంది. నన్ను తీసేసి ఎవరిని పెట్టాలా అని చూస్తోందనుకున్నాను.

“పద్నాలుగు మందిమి. మనిషికి మూడు నూర్లు,” అంది. “నీ వంతు మూడు నూర్లు నీకు పోయినయి. మిగిలినయి మేం నీకు కట్టాలె.”

నేను వద్దన్నాను. బ్యాగు నాది, ఒళ్లు మరిచి కూర్చున్నది నేను, దాచింది నేను అని వాదించాను. అప్పుడు ఆమెకు కోపం వచ్చింది. ఆ కోపం ముందు నాది ఏ మూలకూ చాలదు.

“లాభమొస్తె అందరం పంచుకుంటలేమా? పోయినయి నువ్వొక్కదానివే మోస్తవా? మరి మేమెవలం?”

వాళ్లు నన్ను దొంగ అంటారేమోనని ఇన్నాళ్లూ భయపడ్డాను గానీ, నేనే వాళ్లను పరాయివాళ్లను చేశానని ఆ నిమిషం దాకా తట్టలేదు. డబ్బు పోయిన రోజు కన్నా ఎక్కువ సిగ్గేసింది. గోడ మీద ఉన్నది ఉన్నట్టు రాయించమంది ఆమె: ఎక్కడ పోయాయో, ఎవరి చేతిలో పోయాయో, ఏ అబద్ధం రాశామో అన్నీ. ‘రాసినవ్’ అనలేదు, ‘రాసినం’ అంది.

తర్వాత బొడ్లోంచి సంచి తీసి, ఉన్న యాభై నా ముందు పెట్టి, మిగతాది వచ్చే ఆర్డరులో పట్టుకోమంది. వరసగా ఒక్కొక్కరూ లేచారు. పది, ఇరవై, ఎవరి దగ్గర ఎంతుంటే అంత. ఇక కాదనే ధైర్యం లేక, ఏడుస్తూనే కొంగు పట్టాను.