సర్పి వచ్చిన మూడు వారాలు

ఎడమ పక్కటెముకల దగ్గర మొదలైందా నొప్పి. చీర కొంగు తగిలినా చురుక్కుమనేది. అప్పటికి నాకు యాభై నాలుగేళ్లు. ఎల్బీ నగర్‌లో ఒక బడిలో లెక్కలు చెప్పేదాన్ని. గుండె నొప్పేమోనని దిల్‌సుఖ్‌నగర్‌లో మా ఇంటి దగ్గరి క్లినిక్‌కి వెళితే ఈసీజీ తీసి, ఏమీ లేదని గ్యాస్ మాత్రలు రాశారు.

మూడో రోజు ఆదివారం. బడంగ్‌పేటలో ఉంటున్న మా అమ్మాయికి కాన్పై పన్నెండు రోజులైంది. నొప్పిగా ఉన్నా వెళ్లాను. పాపకు నీళ్లు పోసి, సాంబ్రాణి వేసి, గుండెకు ఆన్చుకుని నిద్రపుచ్చాను. సాయంత్రం ఇంటికొచ్చి బట్టలు మార్చుకుంటుంటే అద్దంలో కనిపించింది. రొమ్ము కింద నుంచి వీపు దాకా పట్టీలా ఎర్రటి దద్దు, దాని మీద గుత్తులుగా నీటి పొక్కులు.

మా ఇంటి ఓనరమ్మ కింది వాటాలోనే ఉంటుంది. ఆమెను పిలిచి చూపించాను.

“గిది సర్పి, చెల్లె. జాజు, గా ఎర్రమన్ను, పూస్త ఉండు. దాని తల, తోక కలవనియ్యొద్దు.”

“కలిస్తే ఏమవుతుందక్కా?”

“పానానికే ముప్పంటరు,” అని ఆమె జాజు తేవడానికి కిందికి వెళ్లింది.

మర్నాడు చర్మం డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. చిన్నప్పుడు ఆటలమ్మ పోసిందా అని అడిగింది. మూడో తరగతిలో పోసిందన్నాను. ఓనరమ్మ అన్న మాటా చెప్పాను.

“ఆ వైరస్ అప్పటితో పోలేదమ్మా. ఇన్నేళ్లూ నరాల మొదట్లో నిద్రపోతూ ఉంది. వయసు మీద పడి ఒంట్లో శక్తి తగ్గితే ఇలా లేస్తుంది. నరం వెంబడే వస్తుంది కాబట్టి ఒక పక్కనే ఉంటుంది. తలా తోకా కలవడమేమీ ఉండదు.”

మాత్రలు రాస్తూ, ఇంట్లో పసిపిల్లలు ఉన్నారా అంది. ఆదివారం సంగతి చెప్పాను.

“పొక్కుల్లో నీరు తగిలితే పిల్లలకు ఆటలమ్మ రావచ్చు. మీవి బట్టల కిందే ఉన్నాయి కాబట్టి భయం తక్కువ. తల్లికి ఇదివరకే వచ్చి ఉంటే పాపకూ కొంత రక్షణ ఉంటుంది. అయినా ఈరోజే పిల్లల డాక్టరుకు చెప్పమనండి. మూడు వారాలు కనిపెట్టి చూడాలి.”

బయటికొచ్చి మెట్రో స్తంభం పక్కన నిలబడి అమ్మాయికి ఫోన్ చేశాను. డాక్టరమ్మ అన్నదంతా చెప్పాను.

“నాకు ఆరో తరగతిలో వచ్చింది కదమ్మా. పరీక్షలు పోయాయని ఏడ్చాను.”

“అవును.”

“అయితే నువ్వు కంగారుపడకు. మేం డాక్టర్‌కి చెప్తాం.”

గొంతు మాత్రం ఎప్పటిలా లేదు.

బడికి సెలవు పెట్టాను. జ్వరం, నీరసం. జాకెట్టు తొడుక్కోలేక మావారి పాత చొక్కాలు వేసుకునేదాన్ని. కూర్చుంటే మంట, పడుకుంటే మంట. హాలుకీ వంటింటికీ మధ్య తిరుగుతూ ఉండేదాన్ని. రోజూ స్నానం చేయించేటప్పుడు అమ్మాయి పాప ఫొటోలు పంపేది. వాటిని పెద్దవి చేసి ప్రతి వేలూ, ప్రతి మడతా వెతికేదాన్ని. ఒకరోజు మెడ మీద ఎర్రగా ఏదో కనిపిస్తే నాలుగుసార్లు ఫోన్ చేశాను.

“చెమటకాయమ్మా. డాక్టర్ చూశారు. నువ్విలా చేస్తే నాకు తిండి కూడా దిగదు,” అంది.

ఓనరమ్మ రాగిజావ తెచ్చింది. జాజు వద్దన్నానని ఆమె ఏమీ అనుకోలేదు.

“డాక్టర్ ఇచ్చిన మందే ఏస్కో. గిట్ల తిరిగితె తగ్గుతదా? జర కూసో, చెల్లె.”

కూర్చున్నాను. జావ సగం తాగి మళ్లీ లేచాను.

పొక్కులు మాడి, పక్కులు రాలిపోయాయి. పాపకు ఏమీ కాలేదు. ఆ ఆదివారం తర్వాత ఇరవై రెండో రోజు బడంగ్‌పేట వెళ్లాను. చేతులు కడుక్కున్నా పాపను ఎత్తుకోవడానికి సందేహించి గుమ్మం దగ్గరే నిలబడ్డాను. అమ్మాయే తెచ్చి ఒళ్లో పెట్టింది. ఎడమ వైపు ఇంకా ముట్టుకోనివ్వడం లేదు, కుడి వైపు ఆన్చుకున్నాను.

“ఆ రోజుల్లో నీ మీద కోపం వచ్చిందమ్మా. నీకు తెలియదని తెలుసు, అయినా వచ్చింది,” అంది.

“నాకూ నా మీదే వచ్చింది,” అన్నాను.

ఆ నొప్పి పూర్తిగా పోవడానికి మరో నాలుగు నెలలు పట్టింది.