మ్యూట్‌ల చెప్పిన జవాబులు

మా ఆఫీసుల ఒక అలవాటు ఉన్నది. బయటి దేశం క్లయింట్‌తోని కాల్ నడుస్తుంటది. వాళ్లు ఏదన్న ప్రశ్న అడగంగనే మా అందర్ల ఎవరో ఒకరు చటుక్కున మ్యూట్ నొక్కుతరు. ఇగ మా మాట అవతలికి పోదు. గదిల ఉన్నోళ్లమంత ఒక్కసారే తెలుగుల మొదలుపెడ్తం. ఇది ఎందుకయింది, ఎవరు చూసిన్రు, ఏం చెప్పాలె. జవాబు తేలినంక మ్యూట్ తీసి, ఒక్క మనిషి నిమ్మళంగ ఇంగ్లీషుల చెప్తరు. అవతలోళ్లకైతే జర ఆలోచించి చెప్పినట్టు ఉంటది.

మా గదిల జవాబు చెప్పేది నేను. మ్యూట్ తీసి మాట్లాడేది ఆమె.

ఆమె గురించి చెప్పాల్నంటే నాకు ఇప్పటికీ కడుపు మండుతది. ఇద్దరం ఒక్క రోజే కంపెనీల చేరినం. ఇద్దరిదీ ఒక్కటే పని, సాఫ్ట్‌వేర్ తయారైనంక అందుల తప్పులు పట్టుకునుడు. దవాఖానలల్ల అపాయింట్‌మెంట్లు ఇచ్చే సాఫ్ట్‌వేర్ మాది. ఏ స్క్రీన్ మీద ఏది నొక్కితే ఏడ బెడిసికొడ్తదో నాకు కండ్లు మూసుకున్నా తెలుస్తది. ఆమెకు తెల్వదు. నన్ను అడుగుతది. "మీరు ఎలా కనిపెడతారండీ ఇవన్నీ?" అని మెచ్చుకుంటది. మ్యూట్ తీసినంక అదే సంగతి తను కనిపెట్టినట్టు చెప్తది. అవతల్నుంచి "బ్రిలియంట్" అని వినబడుతది. "థ్యాంక్యూ" అంటది ఆమె. పక్కన కూసున్న నాకు ఒళ్లంత కారం పూసినట్టు అయితది.

ఆమెది కాకినాడ. వాళ్ల నాయిన బ్యాంకుల పనిచేసిండు, చిన్నప్పటి సంది కాన్వెంట్ చదువు. ఇప్పుడు మణికొండల సొంత ఫ్లాట్. నేను బోరబండల పుట్టిన, బోరబండల సర్కారు బడిల తెలుగుల చదువుకున్న, ఇప్పటికీ అక్కడనే ఉంట. పొద్దుగాల రైలెక్కి హైటెక్ సిటీల దిగి, షేర్ ఆటోల ఇరుక్కొని నానక్‌రామ్‌గూడల ఆఫీసుకు చేరేసరికి నా చున్నీ నా మాట వినదు. ఆమె కారు దిగితే చీర కుచ్చిళ్లు పెట్టినయి పెట్టినట్టే ఉంటయి. ఆఖరికి తిండి కాడ కూడ నాకు కుళ్లే. నేను గబగబ మింగి లేస్తుంటే, ఆమె పెసరట్టు ముక్క తుంచి, అల్లం పచ్చడి అద్దుకొని, ప్రపంచంల ఏ తొందర లేనట్టు తింటది. ఇన్నేండ్లయినా నన్ను మీరు అనే అంటది. నేను నువ్వు అంట. ఆ మీరు మర్యాదనా, దూరం పెట్టుడా అన్నది నాకు సమజ్ కాలే. దూరమే అని నేనే ఖాయం చేసుకున్న.

అసలు కథ ఇప్పుడు మొదలైతది. మా టీమ్ లీడ్ ఉద్యోగం మారుతున్నడని తెలిసింది. మేనేజర్ మా ఇద్దర్ని పిలిచి, "మీ ఇద్దర్ల ఒకరు లీడ్ అయితరు. ఇంకొకరు ఆమె కింద పనిచేయాలె. వచ్చే నెల చెప్తా" అన్నడు. ఆయనకు అది మామూలు మాట. నాకైతే నెత్తి మీద బండ పెట్టినట్టయింది. ఒక్క రోజే చేరినోళ్లం. రేపు బోనాలకు సెలవు కావాల్నంటే ఆమెను అడగాల్నా? నా పని మంచిగున్నదో లేదో ఆమె చెప్పాల్నా? నా జవాబులు నా నోట్లెకెళ్లి తీసుకొని పైకి పోయి, నా మీదనే కూసుంటదా? ఉద్యోగమన్న ఇడిచిపెడ్త గని ఇది మాత్రం పడ అనుకున్న. ఇడిచిపెట్టే తాకత్ లేదని కూడ ఎర్కనే.

అంతల ఆమె అత్తగారు ఊర్ల జారిపడి తుంటి ఎముక ఇరగ్గొట్టుకున్నది. ఆమె రెండు వారాలు సెలవు పెట్టింది. పాపం అని నోటితోని అన్న. లోపల మాత్రం సంబురమే. ఆ పెద్దమనిషి నన్ను మన్నించాలె. ఇగ కాల్ నాది, జవాబు నాది, థ్యాంక్యూ కూడ నాదే. ఇంగ్లీషే కదా అడ్డం, దాని సంగతి చూస్త అని పొద్దున ఆటోల పెదాలు కదుపుకుంట వాక్యాలు కట్టుకున్న. పక్కనున్నాయన నేను మంత్రాలు చదువుతున్న అనుకున్నడేమో, జర జరిగి కూసున్నడు.

మధ్యాహ్నం కాల్ మొదలైంది. అపాయింట్‌మెంట్ రద్దు చేస్తే ఒక్కోసారి ఆ టైమ్ ఖాళీ అయినట్టు చూపెడ్తలేదు, ఇంకోసారి ఆ ఒక్క టైమ్‌కే ఇద్దరు రోగులు పడుతున్నరు. నేను పట్టుకున్న తప్పే. క్లయింట్ తరఫున మాట్లాడేది ఒక పెద్దామె. ఏమైందని అడిగింది. నేను చెప్పిన. ఇంగ్లీషు అక్కడక్కడ తడబడ్డది గని మొత్తం చెప్పిన. ఆమెకు సమజైంది కూడ. నా గుండె నిండింది. అప్పుడు పెద్దామె ఇంకో మాట అడిగింది. "శుక్రవారం ఈ కొత్త సాఫ్ట్‌వేర్ దవాఖానలకు పోవాలి. పంపుదామా, ఆపుదామా? నువ్వేమంటావు?"

నేను చటుక్కున మ్యూట్ నొక్కి పక్కకు తిరిగిన. సెలవుల ఉన్న ఆమె కుర్చీ ఖాళీ. ఎదురుంగ కూసున్న జూనియర్ పిల్లలు నా మొహం చూస్తున్నరు. నేను వాళ్ల మొహాలు చూస్తున్న. "మేడమ్, మీరే చెప్పాలె" అన్నది ఒక పిల్ల. ఏం చెప్పాలె? పంపితే ఏమైతది, ఆపితే ఏమైతది, నేను ఎన్నడు ఆలోచించిన? తప్పు పట్టి ఆమె చేతిల పెడితే నా పని అయిపోయిందనుకునేదాన్ని. అవతల పెద్దామె "హలో, ఉన్నారా?" అంటున్నది. లైన్ కట్టయిందనుకొని ఆమెనే ఫోన్ పెట్టేసింది. కట్టయిందనుకున్నది, నా ఇజ్జత్ దక్కింది.

ఇంటికొచ్చి గిన్నెలు దడదడ పడేసిన. మా ఆయన కూడ ఇంకో కంపెనీల సాఫ్ట్‌వేరే, ఇంటి నుంచి పనిచేస్తడు. బెండకాయలు కోస్తున్నడు.

"ఏమైంది?"

"ఏమైతది? నా ఇంగ్లీషు నా కొంప ముంచింది. కాన్వెంట్‌ల చదివితే నేను కూడ గడగడ మాట్లాడుదును."

"సరే, నాకు తెలుగుల చెప్పు. నేనే ఆ క్లయింట్ అనుకో."

తప్పు మొత్తం విడమర్చి చెప్పిన. ఎక్కడ మొదలైతదో, ఎందుకు ఇద్దరికి ఒకటే టైమ్ పడుతదో, అంత.

"అది సమజైంది. పంపాల్నా, ఆపాల్నా?"

నోరు తెరిచిన. ఒక్క ముక్క రాలే.

"గిదేంది, తెలుగుల కూడ మ్యూట్ అయినవా?" అని నవ్విండు.

నాకు ఎక్కడలేని కోపమొచ్చింది. నవ్వకు అని అరిచి, లోపలికి పోయి తలుపు దబ్బున వేసుకున్న. మంచం మీద పడి ఏడ్చిన. ఇన్నేండ్లు ఇంగ్లీషు మీద, బడి మీద, బోరబండ మీద, ఆమె మీద నెపం పెట్టుకొని బతికిన. ఇప్పుడు పెట్టుకోనీకె ఏమీ లేదు. నాకు రాంది ఇంగ్లీషు కాదు. ఇంకేదో ఆమెకు వచ్చు, అది నాకు రాదు. అదేందో కూడ నాకు తెల్వదు. అప్పటిదాంక నా కుళ్లుకు ఒక ఓదార్పు ఉండె, జవాబు నాదే కదా అని. అది కూడ పాయె.

మా కాల్స్ అన్ని రికార్డయితయి. తెల్లారి రైల్ల ఇయర్‌ఫోన్లు చెవులల్ల పెట్టుకొని పాతయి వినుడు మొదలుపెట్టిన. చూడుండ్రి నా ఖర్మ, బోరబండ నుంచి నానక్‌రామ్‌గూడ దాంక చెవుల నిండ ఆమె గొంతే. నేను చెప్పిన సంగతి ఆమె నోట్లె వినబడ్డప్పుడల్ల పండ్లు కొరికిన. నా ఊసు ఒక్కపారి కూడ ఎత్తలే. నేను అనుకున్నది తప్పు కాదని తేలింది, కాసేపు మంచిగ కూడ అనిపించింది. అయితే ఆమె అక్కడ ఆగలే. దీన్ని అందరికన్న మొదలు ఏ దవాఖాన వాడుతది? రద్దు చేసేది ఎవరు ఎక్కువ? అక్కడ మనిషి కూసొని చూసుకుంటడా, అంత మిషనేనా? ప్రతి కాల్‌ల ఇసొంటివి అడుగుతది. అప్పుడు గదిల కూసొని, కాకా పడుతున్నదిలే అనుకొని నేను ఫోన్ చూసుకునేదాన్ని. ఇప్పుడు వింటుంటే తెలుస్తున్నది. ఆ అడిగినవన్ని జమ చేసుకొని, ఆ తర్వాత పంపుదామనో ఆపుదామనో చెప్తున్నది. నేను చెప్పింది సగమే. మిగిలిన సగం ఆమెది. ఆ సగం బాగున్నది కూడ. బాగున్నదని ఒప్పుకునుడే అన్నిటికన్న కష్టమైంది.

దవాఖానలోళ్లు ఫోన్ చేస్తే ఎత్తేది మా కింది అంతస్తులోళ్లు. ఇన్నేండ్లల్ల నేను ఆ అంతస్తుల లిఫ్ట్ దిగిందే లేదు. పోయి వాళ్ల పక్కన కుర్చీ వేసుకున్న. ఎవరు ఎక్కువ రద్దు చేస్తరని అడిగిన. పిల్లలకు టీకాలు వేసే చోట్ల అన్నరు. పిల్లగానికి జరమొచ్చిందని తల్లులు ఆఖరి నిమిషంల మానుకుంటరట. ఇద్దరు తల్లులు ఒకే టైమ్‌కు వస్తే ఎట్లుంటదో ఇగ నాకు వేరే ఎవరు చెప్పాల్సిన పని లేదు.

తర్వాతి కాల్‌ల పెద్దామె అదే అడిగింది. ఆ శుక్రవారం వాళ్లే ఆపుకున్నరు, ఇప్పుడు మళ్ల పంపాల్నా అని. చెయ్యి మ్యూట్ మీదికి పోయింది. వెనక్కి తీసుకున్న. "మిగిలినవన్ని పంపండి. రద్దు చేసే భాగం మాత్రం టీకాల చోట్లకు ఆపండి. పెద్ద దవాఖానల సంగతి నాకు ఇంకా తెలీదు, రేపు కనుక్కొని చెప్తాను" అని వచ్చిన ఇంగ్లీషుల అన్న. తెలీదు అని ఆ కాల్‌ల నేను అన్నది అదే మొదటిసారి. ఆకాశం ఏం ఊడిపడలే. పెద్దామె "మంచిది, రేపు మాట్లాడదాం, థ్యాంక్యూ" అన్నది. బాత్రూంలకు పోయి కాసేపు ఒక్కదాన్నే నవ్వుకున్న.

ఆమె సెలవు నుంచి వచ్చింది. చాయ్ కాడ నిలబడ్డం. అత్తగారి సంగతి అడిగిన, ఈసారి నిజంగనే అడిగిన. తర్వాత, "నీ పాత కాల్స్ అన్ని విన్న. ఆ ప్రశ్నలు అడుగుడు నీకు ఎట్ల వచ్చింది? నాకు జర చెప్తవా?" అన్న. ఆ మాట బయటికి రానీకె నా పానం పోయినంత పనైంది.

ఆమె కప్పు కింద పెట్టింది. "ఇప్పుడు కాదండి. లీడ్ ఎవరో తేలాక అడగండి."

"ఎందుకు?"

"ఎందుకేంటండి? తప్పు ఎక్కడుందో మీకు వాసన తెలిసిపోతుంది. నాకు ఎంత కూర్చున్నా దొరకదు. రోజూ ఇంటికెళ్లి అదే ఏడుపు. మీరు లేకపోతే నాకు నోరే లేదు. ఇప్పుడు ఇది కూడా మీకు ఇచ్చేస్తే నాకేం మిగులుతుంది?"

కోపం రావాలె. రాలే. ఆమె నన్ను చూసి కుళ్లుకుంటున్నది. కాన్వెంట్, మణికొండ, చీర కుచ్చిళ్లు అన్ని పెట్టుకొని నన్ను చూసి. ఆ సాయంత్రం ఆటోల ఎవరి మోచెయ్యి తగిలినా నాకు నొప్పి తెల్వలే.

నెల తిరిగినంక మెయిల్ వచ్చింది. లీడ్ ఆమెనే. నా పేరు కింద, నేను ఎవరి కింద పనిచేయాల్నో చెప్పే చోట ఆమె పేరు. చప్పట్లు కొట్టిన, కేకు తిన్న, మొహం నవ్వుతున్నట్టు పెట్టుకున్న. లోపల అంత బూడిదే. వాదించనీకె మేనేజర్ కాడికి పోదామనుకొని లేచిన. సగం దూరం పోయినంక ఆగిన. ఒక్క కాల్ మంచిగ చేసిన. ఆమె ఏండ్ల సంది చేస్తున్నది. ఈ లెక్క నాకు రాక కాదు. వెనక్కి వచ్చి కూసున్న.

తెల్లారి ఆమె తన కుర్చీ లాక్కొని నా టేబుల్ కాడికి వచ్చింది. "లీడ్ తేలాక అడగమన్నాను కదా, చెప్తాను. కానీ మీరు కూడా నాకు చెప్పాలి. లీడ్ అయ్యాక కూడా మ్యూట్ నొక్కి మీ మొహం చూస్తే నాకే సిగ్గుగా ఉంటుంది."

ఆమె నాకు చెప్పిన మాటనే నా నాలుక చివరకు వచ్చింది. చెప్తే నాకేం మిగుల్తది? నా దగ్గర ఉన్నదే అదొక్కటి. అది కూడ ఇచ్చేస్తే ఇగ ఈ ఆఫీసుల నేను ఎవరికి కావాలె? ఇయ్యకపోతే మాత్రం ఏమైత? ఈ గదిల, ఆ పెద్దామెకు వినబడని మనిషిగనే ఉంట.

"మొదలు నువ్వు చెప్పు" అన్న.

"మొదలు మీరు చెప్పండి" అన్నది.

నువ్వు లీడ్ అయినవ్ కదా అని నేను, మీరు నేను లేనప్పుడు అన్నీ వినేశారు కదా అని ఆమె, కూరగాయల బండి కాడ బేరమాడినట్టు కాసేపు ఆడినం. ఒకరి మీద ఒకరికి నమ్మకం లేదు. ఉన్నట్టు నటించలే కూడ.

కడుపుల మంట అట్లనే ఉన్నది. కీబోర్డు ఆమె దిక్కు జరిపి, "ఈడ చూడు, ముందుగల ఇది నొక్కు" అని నేనే మొదలుపెట్టిన.