నేను రాయకుండా వదిలిన రెండు లైన్లు

మా సంతోష్‌నగర్ వీధిలో కొత్తగా సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో చేరిన పిల్లలకు నేను దొరికితే చాలు. "అన్నా, జల్ది పైకి రావాలంటే ఏం నేర్సుకోవాలె?" అని పట్టుకుంటారు. ఫలానా కోర్సు చెయ్యి, ఫలానా లాంగ్వేజ్ పట్టు అని చెబుతానని వాళ్ల ఆశ. నేనేమో నా బుద్ధితక్కువ పని ఒకటి చెప్పడం మొదలుపెడతాను. సగంలోనే ఫోన్ చూసుకుంటూ జారుకునేవాళ్లు ఎక్కువ. వాళ్ల వయసులో నేనైనా అంతే చేసేవాణ్ణి.

మొదట చేరిన కంపెనీలో నాకు అప్పగించింది మందుల షాపులకు సరుకు పంపే ప్రోగ్రామ్. రోజూ పొద్దున షాపులు తెరిచేలోపు, ఏ షాపుకు ఏ మందు ఎంత వెళ్లాలో అది తేల్చి పంపాలి. పాత కోడ్. రాసినవాళ్లు ఎప్పుడో వెళ్లిపోయారు. అది ఎక్కడ మొరాయిస్తుందో, ఎలా దారికి తేవాలో ఆఫీసులో నాకొక్కడికే తెలుసు. అయిదేళ్లు ఆ గర్వంతోనే బతికాను. మేనమామ కూతురి పెళ్లిలో, భోజనాల బంతిలో ఉండగా ఆఫీసు నుంచి ఫోన్ వస్తే, ఎంగిలి చేత్తోనే లేచి నాలుగు వరసలకు వినపడేలా మాట్లాడాను. వీడు లేకపోతే కంపెనీ నడవదట అని అత్త అందరికీ చెబుతుంటే నాకు ఒళ్లు తెలియలేదు.

మా టీమ్‌ను చూసుకునే మేడంది విజయవాడ. ఈ పనంతా రాసిపెట్టి, కొత్తగా చేరిన అమ్మాయికి నేర్పమని ఆమె నాకు చెప్పారు. ఆ అమ్మాయి యాకుత్‌పురా నుంచి రైల్లో వచ్చేది. మాట్లాడేది తక్కువ, గమనించేది ఎక్కువ. సరేనని నాలుగు పేజీలు రాసిచ్చాను. అందులో రెండు లైన్లు వదిలేశాను. పండగ సెలవు మర్నాడు పాత ఆర్డర్లను ముందుగా మూసేయాలి, లేకపోతే అదే సరుకు రెండుసార్లు పోతుంది. నెల మొదటి రోజున ధరల ఫైలును మనమే మార్చాలి. ఈ రెండూ నా దగ్గరే ఉంటే నా కుర్చీకి ఢోకా లేదనుకున్నాను. మర్చిపోయానని ఇప్పుడు రాసుకుంటే ఎవరూ కాదనరు. కానీ మర్చిపోలేదు, కావాలనే వదిలేశాను.

ఆ ఏడాదే కంపెనీలో ఒక కొత్త టీమ్ పెట్టారు. దానికి లీడ్ కావాలని నాకు మహా ఆశ. నాకంటే రెండేళ్లు వెనక చేరినతనికి ఇచ్చారు. కోపం ఆపుకోలేక మేడం గదిలోకి వెళ్లి నిలబడ్డాను.

"నిన్ను అక్కడికి పంపిస్తే ఇక్కడ ఎవరు చూస్తారు? నువ్వు లేకపోతే నడవదని ఊరంతా చెప్పుకున్నావు కదా, నేనూ పైవాళ్లకి అదే చెప్పాను" అన్నారామె, చాలా మామూలుగా. "మూడు నెలల్లో ఇంకో టీమ్ వస్తోంది. ఈలోపు నువ్వు లేకుండా ఇది నడిస్తే నీ పేరు నేనే పంపిస్తాను. నడవకపోతే మాత్రం నువ్విక్కడే."

ఇంటికొచ్చి పెద్ద లొల్లి చేశాను. మా బాపు నల్లా నీళ్లు వదిలే లైన్‌మన్. నెల రోజుల్లో రిటైర్ అవుతున్నారు. అంతా విన్నారు. ఆదివారం పొద్దున కొత్త లైన్‌మన్‌కు మొఘల్‌పురా గల్లీలు చూపించడానికి పోతూ నన్నూ రమ్మన్నారు. ఏ వాల్వు ఎన్ని చుట్లు తిప్పాలో, అన్నిటికీ భిన్నంగా కుడికి తిరిగేది ఏదో, మూత మీద బండి పెడితే ఎవరి తలుపు కొట్టాలో, ఒక్కటీ వదలకుండా చెబుతున్నారు. కొత్తాయన చిన్న పుస్తకంలో రాసుకుంటున్నాడు. చూస్తుంటే నాకు కడుపు మండింది. ముప్పయ్యేళ్ల సంపాదన అలా పంచిపెడుతున్నారేమిటని.

"బాపు, గివన్ని చెప్తే రేపటిసంది నిన్నెవరు అడుగుతరు?" అన్నాను.

"అడుగొద్దనే చెప్తున్న" అన్నారు బాపు. "మస్తు ఏండ్లు ఎవ్వనికి చెప్పలే. గొప్పనుకున్న. సూపర్‌వైజర్ పోస్టు వచ్చినప్పుడు సార్ ఏమన్నడు ఎర్కనా? ఈ గల్లీలు నీకు తప్ప ఎవ్వనికి తెల్వయి, నువ్వు ఈడనే ఉండు అన్నడు. రెండుసార్లు గట్లనే అయింది. ఇంట్ల చెప్పనీకె సిగ్గయి చెప్పలే."

చదువు తక్కువని బాపుకు ప్రమోషన్ రాలేదని అంతవరకు అనుకునేవాణ్ణి. అన్నేళ్లు లోపల పెట్టుకున్నదాన్ని ఆయన నా కోసం, కొత్త మనిషి ముందు బయటపెట్టారు. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ రుణం తీరేది కాదు.

సోమవారం ఆ అమ్మాయిని క్యాంటీన్‌లో కూర్చోబెట్టి ఆ రెండు లైన్లూ చెప్పాను. కావాలనే రాయలేదని కూడా చెప్పాను. ఆమె చాయ్ పక్కన పెట్టి, తన నోట్‌బుక్ తెరిచి నా ముందుకు జరిపింది. రెండు లైన్లూ అందులో ఉన్నాయి.

"తెల్సు అన్నా" అంది. "దసరా తెల్లారి మీ కాగితం చూసుకుంట టెస్ట్ సిస్టమ్ మీద నడిపిన. సరుకు డబల్ వచ్చింది. రెండోది ఒకటో తారీఖునాడు దొరికింది."

"మరి మేడంకు చెప్పలేదేం?"

"చెప్తే మీ ఇజ్జత్ పోతది గద. మీరే చెప్తరని చూసిన."

చిన్న పిల్ల ముందు తలెత్తలేకపోయాను. కొంచెం కోపం కూడా వచ్చింది, ఎవరి మీదో తెలియదు. ఆ తర్వాత రెండు వారాల్లో ఆమె ఆ రెండు పనులూ ప్రోగ్రామే చేసుకునేలా మార్చేసింది. నేను అయిదేళ్లు కాపలా కాసింది ఇంత చిన్న పనినా అనిపించింది. మిగిలిన రోజులన్నీ పక్కన కూర్చుని, అడిగితేనే నోరు తెరిచాను. నాకది కోడ్ రాయడం కంటే కష్టమైంది.

మూడు నెలలకు మేడం మా ఇద్దర్నీ పిలిచారు. నన్ను వదిలేసి ఆ అమ్మాయినే అడిగారు, ఇతను లేకపోయినా నడుస్తుందా అని. ఏం చెబుతుందోనని ఆమె వైపు తిరిగాను. నిజం చెప్పే హక్కు ఆమెకుంది. చెబితే నా కథ అక్కడితో సరి.

"నడుస్తది మేడం. అన్న ఏం దాపెట్టకుండ అంత నేర్పిండు" అంది.

నా పేరు పైకి వెళ్లింది. ఈ రోజు నేను తినే అన్నం ఆ మాట పెట్టిందే. అందులో ఎంత నిజముందో మా ఇద్దరికే తెలుసు కనుక, ఆ మాటను నిజం చేయడం కోసం, అప్పటి నుంచి ఏ పనీ నా ఒక్కడి దగ్గర ఉంచుకోలేదు.