ఇద్దరు ఎత్తిన షట్టరు

గురులింగప్పంత పిరికివాడు జహీరాబాద్ బజారులో లేడు. పక్కింట్లో కుక్కర్ కూస్తే చాలు, తన కిరాణా కొట్టు బల్ల కింద దూరి, మూడో కూతదాకా బయటికి రాడు. ఆయనా, పక్క దర్జీ మహబూబ్ సాబూ ఒకరి తాళంచెవి ఒకరు ఉంచుకుంటారు. పొద్దున్నే ముందొచ్చినవారు రెండు కొట్లూ తెరుస్తారు.

మొన్న ఊరేగింపు మీద రాయి పడిందని పుకారు లేచి బజారు మూతపడింది. మనిషి లేని కొట్టుకే ముందు నిప్పు పెడతారని భయపడి, మర్నాడు గురులింగప్ప చెమటలు కక్కుతూ వచ్చి మహబూబ్ సాబు తాళం తీశాడు. ఎదురుగా పక్కవీధి సంతోష్, చేతిలో కర్ర.

"ఏం కాకా, ఆళ్ల దుకాణం తెరుస్తున్నవ్? భయమైతలేదా?"

"మస్తు భయమైతుంది బిడ్డా. చేతులు పనిజేస్తలేవు. జర షట్టర్ పట్టు."

సంతోష్ అటూ ఇటూ చూశాడు. ఆ తుప్పు షట్టరుకు రెండు చేతులూ కావాలి. కర్రను గోడకు ఆనించాడు.