మామ గొంతులో సంచి

మా మేనమామను మద్రాసు డాక్టరు దాకా ప్రాణాలతో నిలబెట్టింది అన్నం ముద్దలేనని మైపాడులో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ ముద్దలు చేసింది నేను. అందరూ మెచ్చుకుంటుంటే ఇన్నాళ్లూ ఊరుకున్నాను. అది శుద్ధ అబద్ధం.

మామ ఒడ్డున చేపల వేలం వేసేవాడు. ఆయన కేక వేస్తే సముద్రం కూడా కాస్త ఆగి వినేదని మా నమ్మకం. పంతొమ్మిది వందల అరవైల మొదట్లో ఆ గొంతులో అన్నం ఆగడం మొదలైంది. నీళ్లు తాగితే కడవ ముంచినట్టు బుడబుడమనేది. పొద్దున తిన్న ఇడ్లీ సాయంత్రం ఇడ్లీగానే తిరిగొచ్చేది.

చేపలు తినేవాళ్లం. గొంతులో ఏది అడ్డం పడినా మాకు అది ముల్లే. ముల్లుకు మందు ఒకటే, అన్నం ముద్ద నమలకుండా మింగడం. నిమ్మకాయంత ముద్ద చేశాను. లాభం లేదు. కోడిగుడ్డంత చేశాను.

"చంపేస్తావేందిరా అబ్బయా!"

"మింగు మామా, దెబ్బకు దిగిపోద్ది."

ఆయన కళ్లు తేలేస్తుంటే నేను ఇంకోటి చుట్టేవాణ్ణి. మనిషి చిక్కి సగమయ్యాడు.

మద్రాసులో సున్నం నీళ్లలాంటి మందు తాగించి ఎక్స్‌రే తీశారు. ముల్లూ లేదు, గిల్లూ లేదు. అన్నం దిగే గొట్టం మొదట్లో, వెనకవైపు ఒక సంచి వేలాడుతోంది. నిండా అన్నం.

"ఇంత గట్టిగా ఎవరయ్యా కూరింది?" అన్నాడు డాక్టరు. నేను కిటికీలోంచి కాకుల్ని చూశాను.

మెడ పక్కన కోసి సంచి తీసేయాలన్నాడు. మాట పలికించే నరం ఆ పక్కనే ఉందట. దానికి దెబ్బ తగిలితే గొంతు పోవచ్చు.

"కేక లేకుండా ఒడ్డున నేనేం చేసేదిరా?" అన్నాడు మామ.

ఆపరేషన్ అయింది. ముక్కులో గొట్టం, అందులోంచి గంజి. మాట్లాడకూడదన్నారు. గొట్టం తీసిన రోజు డాక్టరు "ఏదైనా అనండి చూద్దాం" అన్నాడు.

మామ నోరు తెరిచాడు. ఉత్త గాలి వచ్చింది. ఆయన గుటక వేసి మళ్లీ తెరిచాడు.

"ఈ పొద్దు సరుకు మా మేనల్లుడు! తల పెద్దది, లోపలేం లేదు! పాడండయ్యా, పాడండి!"

వార్డు అదిరిపోయింది. పక్క మంచం ఆయన కుట్లు పట్టుకుని నవ్వుతూ "అణా!" అన్నాడు.

"అర్ధణాకైతే చూస్తా" అంది గంజి తెచ్చిన ఆయమ్మ.

ఇక చాలని డాక్టరు చెయ్యెత్తాడు. మామ దాన్ని వేలంపాట కింద జమకట్టి, "మూడోసారి!" అని నన్ను ఆయనకే కొట్టేశాడు.