లచ్చవ్వ చెయ్యి మరిచిపోలేదు

పాలకుర్తి ఆటో స్టాండులో మొన్న ఒక హోంగార్డు కర్రతో ఆటో రేకు మీద టకటకా కొట్టాడు. బండి పక్కకు తీయమని, అంతే. ఆ చప్పుడుకే నా ఒళ్లు మండిపోయింది. లచ్చవ్వ గుర్తొచ్చింది.

లచ్చవ్వది మా పక్కిల్లు. జనగామ కాలేజీలో చేరిన కొత్తలో నా మాటతీరుకు నవ్వారని ఏడుస్తూ ఇంటికొస్తే, పొయ్యి ముందు నుంచి లేవకుండానే, "ఏడుస్తవేందే పిల్లా? నవ్వినోని మొకం మీద్నే ఇంకింత గట్టిగ మాట్లాడు" అంది. నాకు నోరిచ్చింది ఆమే.

తెలంగాణ కోసం రోడ్ల మీదే వంటలు వండి బండ్లను ఆపిన రోజులవి. మా ఊరి వంటావార్పులో అన్నం వండే పెద్ద గిన్నె, గంజు, లచ్చవ్వదే. ఒకరోజు అన్నం ఉడుకుతుండగా పోలీసులు మీదపడ్డారు. అందరం ఉరికాం. ఉడికే అన్నాన్ని వదిలి పోవడం ఆమెకు చేతకాలేదు. గంజుకు అడ్డం నిలబడ్డ మనిషి తల మీద లాఠీ పడింది.

దవాఖాన నుంచి వచ్చాక ఆ రోజు సంగతే ఆమెకు గుర్తు లేదు. పొద్దున చెప్పిన మాట మధ్యాహ్నానికి నిలిచేది కాదు. మేం ఫిర్యాదు చేస్తే, కొన్నాళ్లకు ఒక అధికారి కానిస్టేబుల్‌ను వెంటబెట్టుకుని ఇంటికొచ్చాడు. లచ్చవ్వ పొయ్యి దగ్గరుంది.

"ఎవరు కొట్టారమ్మా?"

"నన్నెవలు కొడ్తరు బాపు? నాకేం ఎరుకలేదు."

ఆయన ముఖం వెలిగింది. "కాలుజారి పడ్డట్టుంది" అని లేచాడు. అప్పుడే కానిస్టేబుల్ లాఠీని తలుపుకు ఆనించాడు. టక్కుమంది. లచ్చవ్వ ఒక చెయ్యి తల మీద పెట్టుకుని, రెండో చేత్తో అన్నం గిన్నెను కడుపుకు అదుముకుంది. కాలుతున్నా వదల్లేదు.

"ఏమైందవ్వా?" అన్నాను.

"ఏమో బిడ్డా. చెయ్యే లేసింది."

"చూసిన్రా సార్! ఆమెకు యాది లేదు గని, చేతికి యాదున్నది. కాలుజారినోళ్లు గిన్నెకెందుకు అడ్డం పడ్తరు?" అని అధికారిని నిలదీశాను.

"భయం సాక్ష్యం కాదమ్మా" అంటూ ఆయన వెళ్లిపోయాడు. రిపోర్టులో కాలుజారడమే ఖాయం చేశారు.

రాష్ట్రం వచ్చింది. ఆ రోజు మాతోపాటు ఉరికిన ఒకాయన నాయకుడై సభకు వస్తే, లచ్చవ్వను తీసుకెళ్లి ఎదురుగా నిలబెట్టాను. ఎన్నిసార్లు ఆమె చేతి అన్నం తిన్నాడో!

"ఎవరీ అవ్వ? నాకు గుర్తులేదే" అన్నాడు.

లచ్చవ్వ అతని భుజం తట్టి, "తిన్నవా కొడుకా?" అంది. నాకు ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి.

లచ్చవ్వ ఇప్పుడు లేదు. ఆమె ఇచ్చిన నోరు మాత్రం ఉంది. ఆ రోజుల్లోని వాళ్లెవరైనా "పాత సంగతులు గుర్తులేవమ్మా" అంటే, వాళ్ల ముఖం మీదే గట్టిగా అడుగుతాను.

"లచ్చవ్వకైతే తల పలిగింది. మీకేమైంది?"